చెప్పకుండా ఏదీ మింగని అత్తమ్మ

మా అత్తమ్మ పోయిన వారం కన్నుమూసింది. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ముందుగదిలో, తన మంచం మీదనే, పొద్దెక్కుతుండగా పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లు “ఎవరినీ నమ్మని మనిషి” అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆగిపోతున్నారు. ఆగనక్కరలేదు. ఆ మాట నిజమే.

పాలలో వేలు ముంచి చూడనిదే గిన్నె పట్టేది కాదు. విత్తనాల సంచి విప్పి మళ్లీ కుట్టారేమోనని కొట్టువాడి ముందే తిప్పి తిప్పి చూసేది. పొలాన్ని ప్లాట్లు చేస్తామంటూ టేపు పట్టుకుని వచ్చినవాళ్లను గేటు దాటనిచ్చేది కాదు. మంచినీళ్లు మాత్రం బయటికే పంపేది. నేను కొత్తకోడలిగా పలుకు లేకుండా తిరుగుతుంటే, “మాట్లాడని పిల్ల మనసుల ఏం పెట్టుకున్నదో” అని నన్నూ ఓ కంట కనిపెట్టేది.

కడుపులో గడ్డ ముదిరిందని, ఇక దవాఖానలో చేసేదేమీ లేదని చెప్పాక ఇంటికి తెచ్చుకున్నాం. ఆ సంగతి ఆమెకు చెప్పొద్దని మావాళ్లు అనుకున్నారు. మేము గుసగుసలాడిన ప్రతిసారీ ఆమె మెడ ఎత్తి చూసేది.

నొప్పికి మందులిచ్చే సిస్టర్ ఒకామె ఇంటికి వచ్చేది. గోళీ ఇస్తే అత్తమ్మ వాసన చూసేది. సూది వేస్తానంటే సీసా చూపించమనేది. ఛాతీ మీద మందుపట్టీ అంటిస్తే గోరుతో గీకింది. వాంతులకు కింది నుంచి పెట్టే మందు తెచ్చిన రోజు ఇక ఊరుకోలేదు.

“ఒక్క ఒంట్లకు ఎన్ని తొవ్వలు ఎతికిన్రమ్మా! దొంగలే నయం, తలుపు కాడికే వస్తరు.”

సిస్టర్ నవ్వింది. “ఏ తొవ్వల వచ్చినా నీకు చెప్పే వస్త అమ్మా.”

“గట్లుండాలె. చెప్పి పెట్టు. చెప్పకుండ పెడితే ఉమ్మేస్త.”

కొన్నాళ్లకు మింగడం ఆగిపోయింది. నొప్పి మందును సూది లేని సిరంజితో చుక్కలుగా చెంప లోపల వేయమని సిస్టర్ చూపించి వెళ్లింది. నా భర్త తడి కళ్లతో, మాట లేకుండా సిరంజిని ఆమె పెదవి దగ్గర పెట్టాడు. అత్తమ్మ పళ్లు బిగించింది. ఎంత బతిమాలినా తెరవలేదు. నొప్పికి దుప్పటిని పిండేస్తోంది. మా ఇళ్లలో మనిషి పోయేముందు కొడుకు నోట్లో తులసి నీళ్లు వేస్తాడు. ఆమె ఇది అదే అనుకుంది.

నేను ఆయనను పక్కకు జరిపి వంగాను. “తులసి నీళ్లు కావు అత్తమ్మా. నొప్పి మందు.”

“నాకు చెప్పకుండనే పంపుతున్నరు” అంది, పళ్ల సందునుంచి.

“పంపే రోజు నేనే చెప్త.”

“ఒట్టా? అబద్ధమాడినవో, దయ్యమై నిన్నే పడ్త పిల్లా.”

“పట్టు. ఇప్పుడైతే నోరు తెరువు.”

తెరిచింది. కళ్లు మాత్రం నా మొహం మీదనే ఉంచింది.

ఆ రోజు రానే వచ్చింది. పాదాలు చల్లబడ్డాయి. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. “గొంతుల పోయకుండ్రి, దూదితోని పెదవులు తడుపుండ్రి. చెవులకు ఇంకా ఇనబడుతుండొచ్చు” అంది సిస్టర్. గది నిండా పెద్దవాళ్లున్నారు. వాళ్ల ముందు నేనెప్పుడూ గొంతెత్తింది లేదు. మా ఆడబిడ్డ నా చెయ్యి పట్టి, “చెప్పకు, బెదురుతది” అని గొణిగింది.

“అత్తమ్మా,” అన్నాను, గది అంతా వినేలా. “ఇవి తులసి నీళ్లు. నీ కొడుకు పెడుతున్నడు.”

పెదవులు కొంచెం విడివడ్డాయి. నన్ను నమ్మిందో, ఊపిరి కోసమే తెరిచిందో నాకు తెలియదు. నా భర్త దూది అద్దాడు. అత్తమ్మ ఉమ్మలేదు.

ఊపిరి ఆగిపోయాక సిస్టర్ ఆమె కళ్లు మూసి, గడ్డం కింద చుట్టిన తువాలు పెట్టింది. “ఛాతీ మీది మందుపట్టీ తీస్తున్న అమ్మా” అని చెప్పే తీసింది.

స్నానం చేయించేటప్పుడు నేను చెంబు ఎత్తాను. “తలమీద పోస్తున్న అత్తమ్మా, గోరువెచ్చగనే ఉన్నయి.” చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీళ్లు ఆమె తెల్లజుట్టును పాయలుగా విడదీసి, చెవి వెనకగా జారి, బండ మీద ఎండలోకి పారాయి.