కొల్లేటి నీళ్ల మీద స్కూటర్ హారన్

దెయ్యాల కథలు చెబితే నవ్వేసే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

పెళ్లయ్యాక తాడేపల్లిగూడెంలో కాపురం పెట్టాం. మా ఆయన ఆఫీసు నుంచి వస్తూ వీధి మలుపులో స్కూటర్ హారన్ పొట్టిగా రెండుసార్లు కొట్టేవారు. బండి ఆగేసరికి నేను గేటు దగ్గర నిలబడి ఉండాలి, పొయ్యి మీద ఏమున్నా సరే. ఆలస్యమైతే అరిచేవారు కాదు. మాట్లాడడం మానేసేవారు. అన్నం ముట్టేవారు కాదు. తప్పు నాదేనని ఏడ్చి ఒప్పుకునేదాకా అంతే. ఏ చీర కట్టాలో, అమ్మతో ఫోన్లో ఎంతసేపు మాట్లాడాలో కూడా ఆయనే చెప్పేవారు.

చివరికి ఏలూరులో అక్క ఇంటికి వచ్చేశాను.

"కొట్టాడా? తాగుతాడా? మరేంటే?" అని అమ్మ అడిగింది.

అక్కడా సాయంత్రమయ్యేసరికి హారన్ వినిపించేది. చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని. వీధిలో ఎవరూ ఉండేవారు కాదు. భయం వల్ల అలా అనిపిస్తుందని, నెమ్మదిగా తగ్గుతుందని అక్క చూపించిన డాక్టరు గారన్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఒకరోజు అక్క నన్ను కొల్లేటికోట అమ్మవారి దర్శనానికి తీసుకెళ్లింది. తిరుగు ప్రయాణంలో పడవ ఎక్కాం. పొద్దు వాలుతోంది. ఎటు చూసినా నీళ్లు, వాటి మీద తేలే గుర్రపు డెక్క మొక్కలు. కనుచూపు మేరలో రోడ్డు లేదు. అప్పుడు మా వెనక వినిపించింది. పొట్టిగా, రెండుసార్లు.

నేను లేచి నిలబడిపోయాను. పడవ ఒరిగింది.

"కూర్చోండమ్మా, పడిపోతారు!" అని పడవ నడిపే ఆయన అరిచాడు. తర్వాత వెనక్కి తిరిగి, "ఎవరండీ బాబూ, ఇక్కడ స్కూటర్ హారన్ కొట్టేది?" అన్నాడు.

అక్క ముఖం పాలిపోయింది. తనకూ వినిపించింది.

"రోజూ నీకు వినపడేది ఇదేనా?" అంది.

తలూపాను. ఒడ్డు చేరేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు. భయంతో కాదు, ఇన్నాళ్లకి ఇంకొకరు విన్నారని.

తర్వాత బావగారు తాడేపల్లిగూడెంలో వాకబు చేశారు. ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసులోనే ఉన్నారట, నిక్షేపంలా.

ఆ తర్వాత కూడా హారన్ చాలాకాలం వినిపించింది. నేను కదలగానే అక్క "కూర్చోవే" అనేది. గుమ్మం వైపు చూస్తూనే కూర్చునేదాన్ని. ఎప్పుడు ఆగిపోయిందో గమనించనేలేదు. అది నా లోపలి భయమే అయితే, నా పేరైనా తెలియని ఆ పడవ మనిషి చెవిన ఎలా పడిందో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు.