పెదబావగారి లారీలో కదలని ముల్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, పుస్తకంలో అచ్చయిన ప్రతి నిబంధననూ లోకమంతా పాటిస్తుందని నమ్మేదాన్ని. మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి గుడివాడలో ఒక లారీ షెడ్డులో చేరాను. బందరులో ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్ళే లారీల బ్రేకులు ముందుగా చూసి, బాగున్నాయని షెడ్డు కాగితం మీద సంతకం పెట్టడం నా పని. షెడ్డు యజమానిని అందరూ బాబాయిగారనేవారు. నన్ను మాత్రం మెకానిక్కులు ‘రూల్సమ్మ’ అనేవారు (నా ఎదుట కాదు, కానీ రేకుల షెడ్డు కదా, అన్నీ వినబడేవి).

ఒక ఉదయం చల్లపల్లి నుంచి పెదబావగారి లారీ వచ్చింది. ఆయన ఎవరికి బావో ఎవరికీ తెలియదు. దివిసీమ ధాన్యమంతా తన లారీ వల్లే మిల్లులకు చేరుతోందన్న ధీమా మాత్రం అందరికీ తెలుసు. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఇంజను ఆపి పెడల్ తొక్కితే, తొక్కినప్పుడల్లా గాలి ఒత్తిడి చూపే మీటరులో ముల్లు కొంచెం దిగాలి. తొక్కిపెట్టి ఉంచితే ఇక దిగకుండా నిలవాలి. నేను క్యాబిన్ ఎక్కి పదిసార్లు తొక్కాను. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కింద ఎక్కడో మాత్రం బుస్సుమని గాలి పోతోంది. అనుమానం వచ్చి తల వంచి చూస్తే, ముల్లు మొదట్లో ఎండిపోయిన జిగురు కనబడింది.

“ఇదేంటండీ?” అన్నాను.

“అదా అమ్మా, అస్తమానం కిందికి దిగిపోతోంది. చూసినప్పుడల్లా గుండె దడగా ఉంటోంది. అందుకని అద్దం తీయించి అంటించా,” అన్నారు పెదబావగారు, ఏ దాపరికమూ లేకుండా.

“గాలి కారుతోందండీ. నేను సంతకం పెట్టను.”

“మన సీమలో కొండలున్నాయా, గుట్టలున్నాయా? అరచేయిలాంటి రోడ్డు. దానికి ఇంత గట్టి బ్రేకులెందుకమ్మా?”

“చల్లపల్లి సెంటర్లో బడి వదలగానే పిల్లలు రోడ్డు దాటుతారండీ. వాళ్ళేమీ కొండ దిగి రారు.”

బాబాయిగారు నన్ను పక్కకు పిలిచారు. “ఎన్నో ఏళ్ళ నుంచి మన దగ్గరికే వస్తున్న మనిషమ్మా. పెట్టెయ్. పెట్టనంటే రేపట్నుంచి రావక్కర్లేదు,” అన్నారు. నా కాళ్ళలో వణుకు పుట్టింది. నాకు ఉద్యోగం వచ్చిందని మా అమ్మ వీధిలో చెప్పని ఇల్లు లేదు. ఆ వణుకు ఎవరికీ కనబడకూడదని కూర్చోవాలనుకున్నాను (ఇందులో వీరత్వం ఏమీ లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను). చేతికందిన స్టూలు లాక్కుని, సరిగ్గా లారీకి పది అడుగుల ముందు వేసుకుని కూర్చున్నాను.

“లెగమ్మా, బండి తీయాలి,” అన్నారు పెదబావగారు.

“తీయండి. బ్రేకులు బాగున్నాయంటున్నారుగా, నా దగ్గరికి వచ్చాక ఆపండి.”

పెదబావగారికి పౌరుషం వచ్చి, స్టార్ట్ చేయమని డ్రైవరుకు సైగ చేశారు. డ్రైవరు అరవై దాటిన మనిషి, తాతగారని పిలిచేవాళ్ళం. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టి నన్నొకసారి చూశారు, తర్వాత తాళంచెవి తీసుకుని మెల్లగా కిందికి దిగారు.

“నావల్ల కాదండీ. ఆ బ్రేకుల మీద నాకూ నమ్మకం లేదు. వంతెన దిగినప్పుడల్లా దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నా,” అన్నారు.

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“చెప్పానండి. మీరు ముల్లు అంటించారు.”

పెదబావగారు భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, “అయితే ఏమేం మార్చాలో చూడండి,” అన్నారు. పైపులు, రబ్బర్లు, లైనింగులు, మీటరు అన్నీ మార్చడానికి రెండు రోజులు పట్టింది. బందరులో లారీ మొదటిసారికే పాసయింది. బాబాయిగారు నన్ను పంపేసే సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత పెదబావగారు ఎప్పుడొచ్చినా “ఆ మొండిపిల్ల చూస్తేనే” అని పట్టుబట్టేవారు.

ఇప్పుడు నేను పెద్ద కంపెనీలో బస్సుల భద్రత చూసే అధికారిని. మోకాళ్ళ నొప్పులు, మాటలో మర్యాద, రెండూ పెరిగాయి. మొన్న ఒక బస్సును ఆపమంటూ పైవాళ్ళకు ఉత్తరం రాశాను. ‘దయచేసి’లు, ‘మీకు అసౌకర్యమైతే’లు కలిపి రెండు పేజీలయింది. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఆనాటి మొండిపిల్ల అయితే ఇంత సేపు నసిగేది కాదు. మర్యాదంతా కొట్టేసి, మిగిలిన ఒక్క వాక్యమూ పంపాను.