అడుగున కూర్చున్న విషం

ఈ ఉదయం మా మణికొండ అపార్ట్‌మెంట్ గేటు ముందు ట్రాక్టరు నల్లమట్టి కుమ్మరించింది. తోటకట. ఆ కుళ్ళిన వాసన ముక్కుకు తగలగానే శారద మేడం గుర్తొచ్చారు. ఆవిడ మాట విననివాళ్ళ మీద వెంటనే ఒళ్ళు మండింది.

తొంభైల చివర, గచ్చిబౌలి పక్క మా ఊరి కుంటలోకి ఒక ప్లేటింగ్ షెడ్డు పసుపు రంగు నీళ్ళు వదిలేది. ఇనుముకు మెరుపు పూత వేయగా మిగిలిన క్రోమియం విషం అది. కుంట పక్క బావి నీళ్ళే మా ఇంట్లో తాగేవాళ్ళం. మేడం నాకు ఎమ్మెస్సీలో సూక్ష్మజీవుల పాఠాలు చెప్పేవారు. సంగతి చెప్పిన మర్నాడే వచ్చి, చీర కుచ్చిళ్ళు దోపుకుని కుంటలోకి దిగారు. "మందు ఎక్కడినుంచో తేనక్కర్లేదమ్మా, ఈ బురదలోనే ఉంది" అన్నారు. గాలి తగలని బురదలో బతికే బ్యాక్టీరియా ఆ విషం రూపు మార్చి, నీళ్ళలో కరగకుండా అడుక్కు దించేస్తుంది. దానికి తిండిగా మేడం బెల్లం నీళ్ళు పోయించారు. "కుంటకు నైవేద్యం పెడుతున్నవా మేడం?" అని మా అమ్మ నవ్వేది. ఆఫీసుల చుట్టూ తిరిగి షెడ్డు మూయించిందీ ఆవిడే. ఏడాది తిరిగేసరికి నీళ్ళు తేటపడ్డాయి.

అదే మా కొంప ముంచింది. కొత్త ఆఫీసు భవనాల కోసం భూములకు గిరాకీ పెరిగిన రోజులు. ఒక కాంట్రాక్టరు అక్కడ భవనం లేపడానికి మోటార్లతో కుంటను తోడేసి, బురదను తీసి గట్టున ఆరబోసి, తోటమట్టిగా అమ్మడం మొదలుపెట్టాడు. మేడం లారీకి అడ్డంగా నిలబడ్డారు.

"ఏంది మేడం, నీళ్ళు సాఫయినయని నువ్వే చెప్పినవంట గదా. ఇగ ఫికర్ ఏంది?" అన్నాడతను.

"నీళ్ళు బాగయ్యాయన్నానండీ, విషం పోయిందన్నానా? అడుగున కూర్చుంది. ఎండి గాలి తగిలితే మళ్ళీ లేస్తుంది. కదపకండి!"

అతను నవ్వాడు. మేడం ఫిర్యాదు చేస్తే, అతనికి అనుమతిచ్చిన అధికారి "అభివృద్ధికి అడ్డం పడకండి" అన్నాడు. వానలు పడగానే, గట్టున ఎండిన బురదను కడుక్కుంటూ పారిన నీళ్ళు మా బావిలో చేరాయి. బావి పసుపెక్కింది. మేడం చెంబు నిండా ఆ నీళ్ళు తీసుకెళ్ళి అధికారి బల్ల మీద పెట్టారు. "మీ అభివృద్ధి. తాగండి" అన్నారు. అతను చెంబును తాకలేదు. బావిని మాత్రం పూడ్పించాడు. మా అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఎవరికీ ఏ శిక్షా పడలేదు. ఇప్పుడక్కడ అద్దాల మేడ ఉంది. దాని ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. దాన్ని తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

"ఈ మట్టి ఎక్కడిది?" అని ట్రాక్టరు డ్రైవరును అడిగాను.

"ఏదో చెరువుదంట మేడం. నాకేం ఎరుక?"

"చవగ్గా వచ్చిందండీ, పిల్లలు ఆడుకునే చోట పరిపిద్దాం. మీకెందుకండీ ఈ గొడవ?" అన్నారు మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు.

ఎక్కడిదో తెలిసేదాకా ఆ మట్టి లోపలికి రాదని చెప్పి, గేటుకు అడ్డంగా నిలబడ్డాను.