ఖాలా తీసేసిన దుప్పట్లు

కోస్గి దగ్గరి ఒక పల్లె దవాఖానలో ఆయాగా పనిచేసిన ఖాలా పోయిందని మొన్న శుక్రవారం కబురొచ్చింది. ఊరంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేది, నేనూ అంతే. ఆమె సంగతి మీకు చెప్పకపోతే నా తప్పు కూడా ఆమెతోపాటే మట్టిలో కలిసిపోతుంది.

తొంభైల మొదట్లో నేను పాలమూరులో పాలిటెక్నిక్ లెక్చరర్‌ని. ఆ దవాఖాన మిద్దె మీద సోలార్ పలకలు, కింద వాటి కరెంటు నింపుకునే బ్యాటరీ, దానితో నడిచే టీకాల ఫ్రిజ్ ఉండేవి. పలకల మీద ఓ మూల నీడ పడినా కరెంటు బాగా తగ్గిపోతుంది. ఎప్పుడు ఎంత తగ్గుతుందో పాత కొలతలు చూసి కంప్యూటరే నేర్చుకుని ముందుగా చెప్పేలా ప్రోగ్రాం రాశాను. వారానికోసారి కొలతలకు వెళ్లేవాణ్ణి. ఖాలా చెంబుతో నీళ్లిచ్చి, పలకలు తళతళా తుడిచి పెట్టేది. "ఎండకు అబద్ధం రాదు సారు" అనేది. నా ప్రోగ్రాంకూ రాదని నా పొగరు.

ఒకసారి టీకాల రోజు పదింటికి వెళ్లేసరికి వరండా నిండా పసిపిల్లల తల్లులు. ఫ్రిజ్ ముల్లు ఏడున్నర డిగ్రీల దగ్గరుంది. ఎనిమిది దాటితే మందులన్నీ పారబోయాల్సిందే. మిద్దెక్కి చూస్తే పలకల మీద నిండా ఎండ, కరెంటు బాగానే వస్తోంది. నా ప్రోగ్రాం అచ్చువేసిన కాగితం కూడా ఏ లోటూ రాదనే చెబుతోంది. అయితే చెడింది ఫ్రిజ్జే అనుకున్నాను. వైర్లు ఊడదీసి విప్పుదామని స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను.

ఖాలా వచ్చి ఫ్రిజ్‌కు అడ్డంగా నిలబడింది.

"జర ఆగుండ్రి సారు. మీరొచ్చినప్పుడల్ల బస్సు దిగంగనే పైన ఆరేసిన దుప్పట్లు తీసేస్త. పెద్దమనిషి వస్తుండు, గలీజుగ కనపడొద్దని. మిగతా దినాలు వాటి నీడ గా పలకల మీదనే. గీ రెండు దినాలైతే తాడు నిండ ఆరేసిన. నా కొలువు పోతే పోనీయి, పిల్లల మందులు పోవద్దు."

అంటే బ్యాటరీ ఖాళీ అయింది, ఫ్రిజ్ చెడలేదు. విప్పి ఉంటే ఆ కాస్త చల్లదనమూ పోయేది! ఇన్నాళ్లూ నా కంప్యూటర్ నేర్చుకున్నది నేను వచ్చే రోజుల ఎండనే. ఫ్రిజ్ తలుపు తెరవనీయకుండా ఖాలా దాని ముందే కూర్చుంది. ముల్లు ఎనిమిదికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. పగటాల్లకు, ఎండ నడినెత్తికి వచ్చేసరికి, ఏడుకు దిగింది, పిల్లలకు టీకాలు పడ్డాయి.

ఆమె కొలువు పోలేదు, నేను పోనివ్వలేదు. ఆ తర్వాత రోజూ దుప్పటి నీడ ఎక్కడిదాకా వచ్చిందో పిట్టగోడ మీద బొగ్గుతో గీసేది. ఆ గీతలతోనే నా ప్రోగ్రాం నిజం చెప్పడం నేర్చుకుంది. నేనూ నేర్చుకున్నాను.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో తాడు ఖాళీగా ఉంది, పక్కనే బకెట్లో తడి బట్టలు. "మీరొస్తున్నరని తీసేసిన సారు" అంది ఖాలా బిడ్డ. నాకు ఏడుపు ఆగలేదు. బకెట్లోంచి దుప్పటి తీసి నా చేతులతో ఆరేశాను. దాని నీడ వాకిట్లో పరుచుకుని, మెల్లగా కదులుతూ గడపదాకా వచ్చింది.