వార్నింగులు మూసినవాళ్ళే ఖాజా భాయ్ ఫోటోకి దండ వేశారు

నిన్న పొద్దున మైలార్‌దేవ్‌పల్లి సిగ్నల్ దగ్గర బండి మీద ఉండగా ఫోన్ వచ్చింది.

ఖాజా భాయ్ లేడు.

"లేడంటే ఏంది, లీవా?" అన్నాను. అవతల ఆయన తమ్ముడు ఏడ్చాడు.

ఇంత చెత్త ప్రశ్న నేను జన్మలో అడగలేదు.

గుండెపోటు. దవాఖానకి చేరకముందే అయిపోయింది.

తెలియనివాళ్ళ కోసం: ఎయిర్‌పోర్ట్ దగ్గర గోడౌన్లలో సామాను ఎత్తే లిఫ్టులకి సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ మాది. ఖాజా భాయ్ మా సీనియర్. పక్కా శంషాబాద్ మనిషి. రోజూ నెత్తి మీద విమానాలు పోతున్నా ఒక్కసారి ఎక్కలేదు.

"కోడ్ ఎవడు రాసిండో తెల్వకుండ ఎట్ల ఎక్కాలె మియా?" అనేవాడు.

మనం రాసిన కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చేది కంపైలర్. మారుస్తూ ఏదైనా తేడాగా కనిపిస్తే స్క్రీన్ మీద పసుపు రంగులో వార్నింగ్ ఇస్తుంది.

మా మేనేజర్ గారికి ఆ పసుపు నచ్చలేదు.

"క్లయింట్ వస్తున్నారండీ, స్క్రీన్ నీట్‌గా ఉండాలి. అవి కనిపించకుండా చేసేయండి."

చేసేశారు. తప్పులన్నీ క్షేమంగా లోపలే ఉన్నాయి. క్లయింట్‌కి బిస్కెట్లు పెట్టారు.

తర్వాత ఒక రోజు గోడౌన్‌లో టెస్టింగ్. కందుకూరు నుంచి వచ్చే లోడర్ యాదగిరన్న, కింద పడిన తాడు తీద్దామని లిఫ్ట్ కిందికి చెయ్యి పెట్టాడు. ఎవరూ బటన్ నొక్కలేదు. లిఫ్ట్ దిగడం మొదలుపెట్టింది.

ఖాజా భాయ్ ఉరికి ఎర్ర స్విచ్ కొట్టాడు. చెయ్యి దక్కింది.

"నేనేం ముట్టలే సార్, కసమ్!" అని యాదగిరన్నే భయపడ్డాడు. ఛీ అనిపించింది. ఆయన మీద కాదు, మా మీద.

ఖాజా భాయ్ అక్కడే లాప్‌టాప్ తెరిచి, మూసిన వార్నింగులన్నీ మళ్ళీ కనిపించేలా చేశాడు. పైకా కిందికా అని చెప్పే చోట మేం ఏ విలువా పెట్టలేదు; అక్కడ ఏ చెత్త ఉంటే దాన్నే లిఫ్ట్ ఆర్డర్ అనుకుంటోంది. కంపైలర్ ఆ మాట ఎప్పుడో చెప్పింది. మేమే దాని నోరు మూశాం.

"ఎవరికీ ఏమీ కాలేదు కదండీ," అన్నారు మేనేజర్ గారు.

"చెయ్యి పోయినంక తెరుద్దమా సార్?"

ఆ ఒక్కటి సరిచేయించి, మేనేజర్ గారు మిగతావి మళ్ళీ మూయించారు.

అప్పటి నుంచి ఖాజా భాయ్ లిఫ్ట్ కదిలే భాగాన్ని సి అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి రస్ట్ అనే ఇంకో భాషలోకి మారుస్తున్నాడు. ఎందుకని అడిగితే చాయ్ ఊదుకుంటూ చెప్పాడు.

"సి ల కంపైలర్ జర గొణిగి, ఇగ నీ ఇష్టం అంటది. రస్ట్‌ల గట్ల కాదు, గిసొంటి తప్పుంటే బిల్డే కానియ్యది, ప్రోగ్రామే తయారుగాదు. గిదేం దేవుడు కాదు మియా, సెన్సర్ ఉల్టా బిగిస్తే గిదేం జేస్తది? గానీ గీ బేకార్ తప్పును మాత్రం బయటికి పోనియ్యది."

పని సగంలో ఉంది. మనిషి పోయాడు.

నిన్న ఖబరస్తాన్‌లో, ఇంకా చేతులకి మట్టి ఉండగానే, మేనేజర్ గారు నా భుజం తట్టారు. "రేపు క్లయింట్‌కి ఇచ్చే రిలీజ్ ఆయనకే అంకితం చేద్దామండీ." పాత కోడే. వార్నింగులు మూసిన కోడే.

ఈ పొద్దున ఆఫీసుకి వెళ్తే రిసెప్షన్‌లో ఖాజా భాయ్ ఫోటో. దానికి బంతిపూల దండ, ముందు అగరొత్తులు. ఆయన నమాజుకి వెళ్ళొస్తే "లంచ్ బ్రేక్ పెద్దదైందండీ" అన్న మహానుభావులే తెచ్చారు.



నేరుగా నా సీటుకి వెళ్ళి, ప్రతి వార్నింగునీ ఎర్రర్‌గా లెక్కగట్టి బిల్డ్ ఆపేసే సెట్టింగ్ ఆన్ చేశాను. స్క్రీన్ నిండా ఎరుపు. రిలీజ్ ఆగిపోయింది. ఎందుకు ఆపానో క్లయింట్‌కి కూడా మెయిల్ పెట్టాను.

మేనేజర్ గారు ఫోన్ల మీద ఫోన్లు. రేపు నా ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఈలోగా యాదగిరన్నకి ఫోన్ చేశాను. "కోడ్ బాగయ్యేదాక గా లిఫ్ట్ కిందికి చెయ్యి పెట్టకన్నా."

"మరి ఖాజా సార్ చూస్తలేడా?" అన్నాడు. ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

చెప్పాను.

"నా చెయ్యి సార్ ఇచ్చిందే," అన్నాడు.

వెళ్ళిరా భాయ్. అల్లా నీకు చల్లని నిద్ర ఇవ్వాలి.