చెరొక పెట్టె

మాస్టర్జీ పోయారన్న కబురు నాకు నసీను వెళ్ళే బస్సులో తెలిసింది. చెప్పినాయన ఈ దీవుల్లోని మా తెలుగువాళ్ళ సంఘం పెద్దల్లో ఒకడు. కబురు చెప్పి, కళ్ళు తుడుచుకుని, ఆ వెంటనే "సంతాప సభలో మొదట మావాళ్ళే మాట్లాడాలి, అవతలి పక్షంవాళ్ళకి మైకు ఇవ్వం" అన్నాడు. నేను తర్వాతి స్టాపులో దిగిపోయి మిగతా దారి నడిచాను.

మీలో చాలామందికి ఆయన లెక్కలూ సైన్సూ చెప్పిన మాస్టర్జీ. నాకు శనివారాలు తెలుగు కూడా చెప్పారు. ఇంట్లో హిందీ తప్ప ఇంకో మాట వినపడని నేను ఇవాళ ఈ ముక్కలు రాస్తున్నానంటే అది ఆయన చలవే. చదవడం నేర్చుకుని నేను చేసిందల్లా విప్లవ కరపత్రాలు చదవడం. దానికీ ఆయన ఏమీ అనలేదు, వెక్కిరించడం తప్ప.

మా సంఘం హాలుకి రేకుల కప్పు. పండగలకి అందులో ముసలమ్మలు రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చుని పెళ్ళిపాటలు పాడేవారు. ఇటు వరస మగపెళ్ళివారిని తిడుతుంది, అటు వరస తిరిగి అంటిస్తుంది. మా నాన్నమ్మ, మేం ఆజీ అంటాం, అటు వరసలో ఉండేది. వాళ్ళ తర్వాత ఆ పాటలు ఇంకెవరికీ రావని మాస్టర్జీ రెండు మైకులు పెట్టి, ఇటు పాట ఎడమకి, అటు పాట కుడికి వచ్చేలా టేపు చేశారు. తీరా వింటే రేకుల హోరులో మాటలన్నీ మునిగిపోయాయి. శబ్దంలో లావునీ సన్నాన్నీ విడదీసి, దేన్ని ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో మన చేతిలో పెట్టే ఈక్వలైజర్ ఉంటే తప్ప ఆ పాట తేరదు. ఒకటి కొనమని సంఘాన్ని అడిగారు. ఆ ఏడు సంఘం ప్రెసిడెంటుగారి నిలువెత్తు ఫోటో కొనుక్కుంది.

దాంతో ఆయనే చేయడానికి కూర్చున్నారు. సువా షాపుల్లో గుప్పెళ్ళకొద్దీ కెపాసిటర్లు ఏరి తెచ్చి, స్కూలు మీటరుతో ఒక్కొక్కటీ కొలుస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

"అన్నిటి మీదా ఒకే అంకె ఉంది కదా మాస్టర్జీ, ఇంకా కొలిచేదేముంది?"

"మీద రాసింది కంపెనీ మాట. లోపల ఎంతుందో మనం చూసుకోవాలి. నీ కరపత్రాలదీ అదే సంగతి."

"వాటికేమైంది?"

"వాక్యానికొకసారి ప్రజలు, ప్రజలు. ఎవర్రా వాళ్ళు? మీ ఆజీ ఉందా అందులో? పళ్ళు లేక సగం మాట గాలికి పోతుందే, ఆవిడ ఉందా?"

నేను మొహం ముడుచుకున్నాను. ఆయన నవ్వి మళ్ళీ కొలతలో పడ్డారు. దగ్గర దగ్గరగా తేలినవాటిని జతచేసి, కోడిగుడ్ల అట్టలో గుంటకొక జత వేసేవారు. మీద రాసినదానికి కాస్త అటూ ఇటూ అయినా ఆయనకి పట్టదు. ఎడమదానిలో ఎంతుందో కుడిదానిలో అంత ఉండాలి. లేకపోతే పాట ఒక పక్కకి ఒరిగిపోతుందనేవారు. జత కుదరనివాటిని పారేసేవారు కాదు. మిఠాయి డబ్బాలో వేసి, "దీని జోడీ దీవి అవతల సింగటోకాలో ఎవరి రేడియోలోనో ఉండుంటుందిలే" అనేవారు.

ఒకదాని రొద రెండోదానిలోకి పోకూడదని ఎడమకొక పెట్టె, కుడికొక పెట్టె చేశారు. ముందు వైపు పైకీ కిందకీ జరిపే మీటల వరస. వాటిని కూడా కొలిచి జతచేశాకే బిగించారు. మొదటిసారి పాట తేటగా వచ్చిన రోజు ఆజీ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"ఇది నేనా? ఇంత మంచిగా తిడతానా నేను?"

"నువ్వే అవ్వా. అటువాళ్ళు ఇంకా తేరుకోలేదు," అన్నారు మాస్టర్జీ.

తర్వాత ప్రెసిడెంటు కుర్చీ కోసం కొట్టుకుని సంఘం రెండు ముక్కలయింది, సువావాళ్ళు, నసీనువాళ్ళు అని. మన పెద్దలు దొర లేచిన కుర్చీ దులుపుకుని కూర్చోవడం తప్ప స్వతంత్రం వచ్చాక ఇంకేం నేర్చుకున్నారో నాకు తెలియదు. హాల్లో సామాను పంచుకున్నారు. చాపలు చెరిసగం, గుండిగలు చెరిసగం. పెట్టెల దగ్గరికి వచ్చేసరికి, రెండున్నాయి కదా, చెరొకటి అన్నారు.

"అవి విడదీస్తే పనికిరావు," అని అరిచాను.

"మాస్టర్జీ నీకు భాగహారం నేర్పలేదా బేటా?" అన్నాడొకాయన. రెండు పక్షాలవాళ్ళూ నవ్వారు. ఆ రోజు వాళ్ళు కలిసి చేసిన పని అదొక్కటే.

మాస్టర్జీ మంచాన పడేనాటికి ఆజీ లేదు. టేపు మిగిలింది, రేకుల హోరుతో సహా. ఒకరోజు నన్ను పిలిచి, "ఆ రెండూ ఒకసారి తెచ్చి కలపగలవా? మీ ఆజీ తిట్లు వినాలనుంది," అన్నారు. ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

సువావాళ్ళ దగ్గరికి పోతే, "ముందు వాళ్ళని తెమ్మను, అప్పుడు మాదిస్తాం" అన్నారు. నసీనువాళ్ళు మత్తు వేరు పిండిన యంగోనా గిన్నె చుట్టూ కూర్చుని ఉన్నారు.

"కూర్చో భయ్యా, ఒక చిప్ప తాగు. మీటింగు పెట్టి తీర్మానం చేయాలి. ముందు వాళ్ళు తేనీ."

"అది ప్రజల ఆస్తి," అన్నాను.

"మరి మేమెవరం? ప్రజలమే కదా," అన్నాడొకడు కొబ్బరిచిప్ప అందిస్తూ.

నేను దాన్ని తోసేసి, నోటికొచ్చినవన్నీ అని వచ్చేశాను. మాస్టర్జీకి జరిగింది చెప్పాను. అంతా విని "ఆ లావు గొంతు కొంచెం దించరా. లోపలి మాట బానే ఉంది," అన్నారు. పెట్టెలు రాలేదు. ఆయన ఆ పాట వినకుండానే పోయారు.

సభకి మాత్రం వచ్చాయి. రెండు పక్షాలూ పోటీపడి తెచ్చి, కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేసి, బల్లకి ఆ చివర ఒకటీ ఈ చివర ఒకటీ పెట్టారు. మధ్యలో ఆయన ఫోటో. మహానుభావుడన్నారు, ఐకమత్యానికి ప్రతిరూపమన్నారు. నేను జేబులో క్యాసెట్టు, చేతిలో వైర్లు పట్టుకుని ముందుకెళ్ళి, ఈ చివర పెట్టె దగ్గరున్న పెద్దని ఈసారి అరవకుండానే అడిగాను.

"ఇప్పుడైనా కలుపుదామా చాచా?"

"ఇప్పుడెందుకు? వినడానికి ఆయనే లేడు కదా. సభ మర్యాద పాడుచేయకు."

అటువైపు పెద్ద కూడా తలూపాడు.

సభ అయ్యాక ఎవరి పెట్టె వాళ్ళు ఎత్తుకున్నారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. నన్ను దాటి వెళ్తుంటే దండలు పక్కకి జారి మీటల వరసలు కనిపించాయి. మాస్టర్జీ ఆజీ గొంతు కోసం పెట్టిన వంపు, మొదట బాగా దిగి, మధ్యలో లేచి, చివర కాస్త వాలి, రెండింటిలోనూ చెక్కుచెదరకుండా అలాగే ఉంది. పంచుకుపోయినవాళ్ళు ఒక్క మీటని కూడా ముట్టుకోలేదు. ఒక పెట్టె టాక్సీ వెనక సీటులో సువా వైపు వెళ్ళింది. రెండోది బస్సెక్కి, ఎవరి ఒళ్ళోనో కూర్చుని, నసీను వైపు.