పచ్చగది తలుపు మీద ఒక్కపొద్దు

ఈ కార్తీక సోమవారం పొద్దున మా అత్తమ్మ ఉగ్గానికి తాలింపు పెట్టింది. పచ్చిమిరపకాయలు నూనెలో వేగి, నానిన బొరుగుల మీద పడ్డ వాసన కర్నూలులోని మా ఇంటి వరండా దాకా వచ్చింది. ఏడు నెలల పాపకు పాలిస్తూ కూర్చున్న నాకు ఆ వాసనకే కళ్లు తిరిగాయి. పాప జలుబు తగ్గాలని మహానంది స్వామికి మొక్కుకుని, నీళ్లు కూడా ముట్టకుండా ఉన్నాను. ఇంట్లో చెప్పలేదు, చెబితే వద్దంటారు. పాపేమో పాలు చాలక ఏడుస్తోంది. అంత ఏడుపులోనూ నాకు ఒక పాత విజిల్ వినిపించింది.

అది కడపలో మా కాలేజీ ఆటల మేడం మార్తమ్మగారి విజిల్. ఆవిడ ఊదితే గోడ అవతల రోడ్డు మీద ఆటోలు కూడా ఆగేవి. పొట్టి మనిషి, నల్ల గొడుగు, తెల్ల బూట్లు. మాకు ఖోఖో నేర్పేవారు. జట్టులో తొమ్మిదో స్థానం కోసం నాకూ సుజాతకూ పోటీ. సుజాత నాకంటే వేగంగా పరిగెత్తేది కాబట్టి నేను శివుణ్ణి ఆశ్రయించి సోమవారాలు ఉపవాసం మొదలుపెట్టాను. నీళ్లు కూడా మానేస్తే ఫలితం త్వరగా వస్తుందని నా నమ్మకం. నిజంగానే త్వరగా వచ్చింది. మూడో సోమవారం స్తంభం చుట్టి తిరగబోయి, స్తంభాన్నే కౌగిలించుకుని కూలబడ్డాను.

మేడం నా మొహం మీద నీళ్లు చల్లి, గొడుగు పట్టారు.

"ఏమ్మే వాణీ, పొద్దున ఏం తిన్న్యావు?"

"ఇడ్లీ, మేడం."

"ఎన్ని?"

"నాలుగు."

"ఈ పొద్దు హాస్టల్లో దోసెలు కదమ్మే!" అంది నా ప్రాణ స్నేహితురాలు షాహీన్.

మేడం గొడుగు షాహీన్ చేతికిచ్చారు. "ఒక్కపొద్దు ఉండావని దేవునికి చెప్పినావు, నాకెందుకు చెప్పలా? ఎండలో నిన్ను ఉరికించేది ఆయనా, నేనా?"

జట్టులోంచి తీసేస్తారని ఆ రాత్రంతా ఏడ్చాను. మరునాడు చూస్తే, ఆట సామాన్లు పెట్టే పచ్చగది తలుపు మీద సుద్దముక్కతో 'ఈ పొద్దు ఒక్కపొద్దు' అని రాసి ఉంది. ఉపవాసం ఉన్నవాళ్లు దాని కింద పేరు రాయాలి. ఎందుకని ఎవరూ అడగరు. పేరున్నవాళ్లు ఎండలో పరిగెత్తరు, నీడలో కూర్చుని పాయింట్లు లెక్కపెడతారు. నీళ్లకు అడ్డులేని ఉపవాసమైతే నీళ్లు తాగి తీరాలి. రంజాన్ నెలలో షాహీన్‌కు పొద్దు వాలాక కొద్దిపాటి సాధన, ఆ వెంటనే ఖర్జూరం.

నీడ ఉంటుందని తెలిశాక మా వాళ్లలో భక్తి పెరిగింది. గురువారాలూ శనివారాలూ తలుపు నిండిపోయేది. ఒక బుధవారం సుజాత పేరు కనిపించింది.

"బుధవారం ఏ దేవునికమ్మే?" అని నియమం మరిచి అడిగారు మేడం.

"ఇంకా అనుకోలేదు మేడం."

ఆ రోజు సుజాత మైదానం చుట్టూ రెండు రౌండ్లు ఎక్కువే తిరిగింది.

కాలేజీల మధ్య మ్యాచ్‌కు వారం ముందు మేడం విజిల్ సగంలో ఆగిపోయింది. చూస్తే ఆవిడ పచ్చగది తలుపు పట్టుకుని ఊగుతున్నారు. మేమంతా పరిగెత్తాం.

"పొద్దున ఏం తిన్న్యారు మేడం?" అంది షాహీన్.

"ఇడ్లీ."

"ఎన్ని?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. చర్చివాళ్ల శ్రమదినాలు, ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు, నడుస్తున్నాయి. మేడం పగలంతా పస్తుండి, మాతో సమానంగా ఎండలో పరిగెడుతున్నారు. షాహీన్ సుద్దముక్క తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. మా అందరి పేర్ల అడుగున, పరీక్ష తప్పిన పిల్లలా, చిన్న అక్షరాలతో 'మార్తమ్మ' అని రాశారు. నీడలో కూర్చోబెట్టి గొడుగు పట్టాం.

"పెద్దోళ్లకు సిగ్గు శానా మే. అందుకే ముందు పడిపోయేది మేమే" అన్నారు.

తొమ్మిదో స్థానం నాకే వచ్చింది. మ్యాచ్ సోమవారమే పడింది. కడుపు నిండా తిని ఆడాను. ఓడిపోయాం. కానీ చివరిదాకా నిలబడే ఓడిపోయాను.

అదంతా గుర్తొచ్చి, పాపను భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్లి, గోడ క్యాలెండర్‌లో ఈ సోమవారం గడిలో 'వాణి, ఒక్కపొద్దు, మహానంది స్వామికి' అని రాశాను. అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది.

"పాలిచ్చేదానివి, నీకేం ఒక్కపొద్దమ్మా! పాపకు పండ్లొచ్చినాక ఇద్దరం మహానందికి పోయి స్వామికి చెప్పుకుందాం. ముందు తిను."

చెంబెడు నీళ్లు తాగి, ఉగ్గాని ప్లేటు అందుకున్నాను. అప్పుడు కనిపించింది, పొయ్యి పక్కన ఆవిడ షుగరు మాత్ర చించిన రేకు.

"మీరు తిన్నారా అత్తమ్మా?"

"ఓ, తిన్న్యా."

"ఎంత?"

ఉగ్గాని గిన్నెలో నా ప్లేటుకు తీసిన మేరే తగ్గింది. ఆవిడ గిన్నె వైపు చూసింది, తర్వాత పాప వైపు చూసింది. క్యాలెండర్ పక్కన నేను పెట్టిన పెన్ను తీసుకుని, నా పేరు కింద తన పేరు చిన్నగా రాసింది. నేను రెండో ప్లేటు తీశాను.